అత్తయ్య కాదనలేదు

అత్తయ్య బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. తడి దుప్పటి ఒక కొస నా చేతిలో, ఇంకో కొస ఆవిడ చేతిలో. ఇద్దరం చెరోవైపు లాగి దులిపేసరికి నీళ్ళ తుంపర ముఖాల మీద పడింది. ఆవిడ పళ్ళ మధ్య రెండు ప్లాస్టిక్ క్లిప్పులున్నాయి, ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. బట్ట తీగ మీద వేయడం, ముడతలు సరిచేయడం, నోట్లోంచి క్లిప్పు తీసి పెట్టడం, డబ్బాలోంచి ఇంకోటి తీసి మళ్ళీ పళ్ళ మధ్య పెట్టుకోవడం. రోజూ ఇదే వరస. చేతులు రెండే కదా మరి.

బావ పళ్ళు తోముకుంటూ వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు.

"అమ్మా, తొమ్మిదో నంబరు బస్సు తీసేస్తున్నారట."

అత్తయ్య దుప్పటి అంచు లాగింది.

"ఒకటో తారీఖు నుంచేనట."

పచ్చ క్లిప్పు పెట్టింది.

"మొత్తం రూటే ఎత్తేస్తున్నారట. ఒక్క ట్రిప్పు కూడా మిగలదట."

అత్తయ్య వంగి బకెట్లోంచి తువ్వాలు తీసింది. ఎర్ర క్లిప్పు ఇంకా నోట్లోనే ఉంది.

బావ ముఖం దీపంలా వెలిగింది. నురగ నోటితోనే "థాంక్సే అమ్మా" అని లోపలికి పరుగెత్తాడు.

అత్తయ్య క్లిప్పు తీసి నావైపు తిరిగింది. "వీడికేమైందే పిల్లా? దేనికి థాంక్సు?"

"ఏమో అత్తయ్యా" అన్నాను. అది అబద్ధం.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. అక్కకు పెళ్ళైన రెండేళ్ళకు నాకు ఈ ఊళ్ళో పేపర్లో ప్రూఫులు దిద్దే ఉద్యోగం వచ్చింది. అప్పటినుంచీ అక్కావాళ్ళింట్లోనే ఉంటున్నాను. బావ అదే పేపర్లో రిపోర్టరు. నాలుగు పేజీల పేపరు మాది. అత్తయ్య, అంటే బావ తల్లి, బస్సు డిపోలో టైమ్ కీపరు. ఏ బస్సు ఎన్నింటికి గేటు దాటిందో, ఎన్నింటికి తిరిగొచ్చిందో రిజిస్టర్లో రాయడం ఆవిడ పని. ఇరవై ఆరేళ్ళుగా అదే కుర్చీ.

ఉద్యోగంలో చేరిన రోజున ఆఫీసు విషయాలు బయట మాట్లాడనని ఆవిడ ఒక కాగితం మీద సంతకం పెట్టిందట. అందరూ పెట్టారు, అందరూ మర్చిపోయారు. అత్తయ్య మర్చిపోలేదు. "అత్తయ్యా, ఇవాళ నాలుగో నంబరు లేటా?" అని అక్క అడిగినా "స్టాపులో బోర్డుంటుంది, చూసుకో" అనేది. కానీ ఆవిడకొక బలహీనత ఉంది. తప్పు మాట చెవిన పడితే ఊరుకోలేదు. డిపోలో అరవై బస్సులున్నాయని ఎవరైనా అంటే "యాభై ఎనిమిది" అని నోరు దానంతటదే అనేస్తుంది. అన్నాక నాలిక కరుచుకుంటుంది.

బావకు ఈ సంగతి పసితనం నుంచే తెలుసు. రిపోర్టరయ్యాక దాన్నే పనిముట్టు చేసుకున్నాడు. తల్లిని ఏమీ అడగడు. టీకొట్టు దగ్గర విన్నదాన్ని తెచ్చి ఆవిడ ముందు తనే ఒక మాట అంటాడు. తప్పైతే "ఎవడ్రా నీకు చెప్పింది? వట్టి కోతలు!" అని వస్తుంది. ఏమీ రాకపోతే నిజమన్నమాట. అప్పుడు ఆఫీసుకు పోయి "డిపోలోని విశ్వసనీయ వర్గాల భోగట్టా ప్రకారం" అని మొదలుపెడతాడు. నాలుగేళ్ళలో పదకొండు వార్తలు అలా రాశాడు. టైర్ల కొరత, పాత బస్సుల వేలం, ఆడవాళ్ళ విశ్రాంతి గదికి తాళం. ఒక్కటీ తప్పు కాలేదు.

అందులో తమాషా ఏమిటంటే, ఆ వార్తలు చదివి అందరికంటే ఎక్కువ మండిపడేది అత్తయ్యే.

"మా డిపోలో ఎవడో ఉన్నాడే, నోట్లో నువ్వుగింజ నానదు వాడికి! దొరకనీ, చెప్తా" అనేది.

అక్కా నేనూ ముఖాలు చూసుకునేవాళ్ళం. "తల్లీకొడుకుల మధ్య నేనెందుకు బాబూ" అని అక్క కుట్టుమిషను ముందు కూర్చునేది. నాకు మొదటినుంచీ మాట్లాడటం కంటే చూడటమే అలవాటు. చూస్తూ ఊరుకున్నాను. ఆ రోజు బాల్కనీలోనూ ఊరుకున్నాను. అది నా తప్పే. ఆవిడ పళ్ళ మధ్య క్లిప్పులున్నాయని బావకంటే నాకే బాగా కనిపించింది.

మర్నాడు మొదటి పేజీలో తాటికాయంత అక్షరాలతో వచ్చింది: "తొమ్మిదో నంబరు బస్సుకు సెలవు!"

నేను ఆఫీసుకు వెళ్ళేది ఆ బస్సులోనే. స్టాపులో రోజూ నిద్రకళ్ళతో నిలబడే జనం ఆ రోజు సంతలోలా ఉన్నారు. ఆసుపత్రి నర్సు ఒకామె కండక్టర్ని పట్టుకుంది.

"ఒకటో తారీఖు నుంచి మేమెలా పోవాలయ్యా, ఎగిరా?"

"నన్నడుగుతారేంటమ్మా? నేనూ పేపర్లో చూసే తెలుసుకున్నా. మా ఆవిడైతే అప్పుడే వేరే పని చూసుకోమంటోంది."

కర్ర పట్టుకున్న తాతగారొకరు బస్సు దిగుతూ దాని రేకు మీద రెండుసార్లు తట్టి, "పోయిరా నాయనా, బాగా మోశావు" అన్నారు. బస్సంతా నవ్వింది. నేను మాత్రం చేతిలోని పేపరు మడిచి సంచిలో పెట్టేశాను.

పదకొండింటికి డిపో మేనేజరుగారు స్వయంగా మా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. మాది మేడ మీద రెండు గదుల ఆఫీసు. లోపలి గదిలో ఎడిటరుగారు, బయటి గదిలో మిగతా అందరం. మేనేజరుగారు లావుపాటి మనిషి. మెట్లెక్కిన ఆయాసం తీరకముందే ఒక కాగితం తీసి బల్ల మీద ఫట్టుమని కొట్టారు.

"ఇదిగో! ఒకటో తారీఖు నుంచి అమలయ్యే టైంటేబుల్. సంతకం నాది, స్టాంపు డిపోది. తొమ్మిదో నంబరుందా లేదా? కళ్ళున్నవాళ్ళు చూసుకోండి!"

ఎడిటరుగారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. ఉంది. తొమ్మిదో నంబరు, దాని కింద వేళలు, అన్నీ ఉన్నాయి.

"మీ విశ్వసనీయ వర్గాలకు నా నమస్కారాలు చెప్పండి" అన్నారు మేనేజరుగారు. "ఆ కాగితం మీరే ఉంచుకోండి. ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకోండి!"

ఆయన దిగుతున్న చప్పుడు కింది దాకా వినిపించింది. ఎడిటరుగారు బావను లోపలికి పిలిచారు. ప్రూఫులు పట్టుకుని నేనక్కడే ఉన్నాను. వెళ్ళమనలేదు కాబట్టి ఉండిపోయాను.

మా ఎడిటరుగారి దగ్గర ఒక పలక ఉంది, చెక్క చట్రం ఉన్న బడిపిల్లల పలక. పేరు చెప్పకుండా ఎవరైనా వార్త రాస్తే, ఆ చెప్పిన మనిషి పేరు పలక మీద రాసి ఆయనకు చూపించాలి. ఆయన చదివి, తడిగుడ్డతో తుడిచేస్తారు. "పాఠకుడికి తెలియకపోయినా ఫర్వాలేదు. నాకు తెలియాలి. నేను చచ్చినా చెప్పను" అనేది ఆయన మాట. బావ మాత్రం ఎప్పుడూ "డిపోలో ఒకరు" అని రాసి చూపించేవాడు. వార్తలు నిజమవుతున్నాయి కదాని ఎడిటరుగారూ చూసీచూడనట్టు పోయారు.

ఈసారి పలక బావ ముందుకు జరిపారు. సుద్దముక్క పక్కన పెట్టారు.

"ఒకరంటే ఎవరయ్యా? పేరు రాయి."

బావ సుద్దముక్క పట్టుకున్నాడు. పలక వైపు చూశాడు. నావైపు చూశాడు. నేను ప్రూఫుల్లోకి తల దించాను.

"రాయలేను సార్."

"మనిషంటూ ఉన్నారా, లేరా?"

బావ సుద్దముక్కను పలక పక్కన పెట్టేశాడు.

"చూడు నాయనా" అన్నారు ఎడిటరుగారు, గొంతు పెంచకుండా. "రేపు సాయంత్రం అయిదింటికి సవరణ పేజీకెక్కాలి. వార్త ఎంత సైజులో వేశామో అంతే సైజులో. ఎవరో చెప్పి, ఆ చెప్పడంలో పొరపాటు జరిగి ఉంటే అది పేపరు తప్పు. ఒకరోజు అందరం తలదించుకుంటాం, అయిపోతుంది. ఎవరూ చెప్పకుండా నువ్వే అల్లి ఉంటే అది నీ తప్పు. ఆరు నెలలు వార్త రాయవు. 'పోయినవి, దొరికినవి' ప్రకటనలు చూసుకుంటావు. ఏది నిజమో నువ్వే తేల్చుకుని చెప్పు."

బావ బయటికొచ్చి తన కుర్చీలో కూలబడ్డాడు. ఆ ప్రకటనల బల్ల మా ఆఫీసులో బాత్రూము తలుపు పక్కనుంటుంది. దాని మీద ఆ రోజుటి ప్రకటన ఒకటి పడి ఉంది: పచ్చ చిలుక, కుంటిది, పేరు పెట్టి పిలిస్తే పలకదు, తెలిసినవారు తెలుపగలరు.

"మరదలా, ఈ చిలకను నేను వెతకాలన్నమాట" అన్నాడు. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. బావకు రిపోర్టరు పనంటే ప్రాణం. అన్నం లేకపోయినా ఉంటాడు, జేబులో నోటుపుస్తకం లేకపోతే ఉండలేడు.

ఆ సాయంత్రం అందరం భోజనానికి కూర్చున్నాం. అత్తయ్య కంచం ముందు పెట్టుకుని ముద్ద ఎత్తలేదు.

"ఇవాళ మా డిపోలో ఏమైందో తెలుసా" అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఆఫీసు మాట కదా. తర్వాత ఆగలేక, "ఇది ఆఫీసు విషయం కాదులే, మనిషి విషయం" అని తనకు తనే సర్దిచెప్పుకుంది. "గుసగుసను బదిలీ చేస్తున్నారు."

గుసగుస అంటే పాసులిచ్చే గుమాస్తా. ఆయన గొంతు పుట్టుకతోనే అంత. కిటికీలో తల పెట్టి వింటే తప్ప వినపడదు. అందుకే డిపో అంతా ఆ పేరుతో పిలుస్తారు.

"ఆయన్నెందుకత్తయ్యా?" అంది అక్క.

"పేపరుకు చెప్పింది ఆయనేనట! ఎప్పుడు చూసినా ఎవరి చెవిలోనో ఏదో చెబుతుంటాడు, 'వీడు కాక ఇంకెవడు?' అంటాడు మేనేజరు. ఆ పిచ్చివాడు గట్టిగా మాట్లాడితే కదా చెవిలో కాకుండా చెప్పడానికి! ఎక్కడో కొండ పక్కనున్న డిపోకు పంపిస్తాడట. ఎల్లుండి పొద్దున ఆర్డరు మీద సంతకం. ఇంట్లో కవలపిల్లలు, ఇంకా పాకడం కూడా రాలేదు." బావ వైపు తిరిగింది. "ఆ విశ్వసనీయ వర్గమెవడో నాకు చెప్పరా. వాడి చెవి పట్టుకుని మేనేజరు ముందుకు ఈడ్చుకెళ్తాను."

బావ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. కూర కలిపిన అన్నాన్నే మళ్ళీ మళ్ళీ కలుపుతున్నాడు. అక్క బల్ల కింద కాలితో తన్నింది. ఆ తన్ను నాకు తగిలింది. నేను కుర్చీ జరుపుకున్నాను. రెండో తన్ను సరిగ్గా చేరింది.

"అమ్మా" అన్నాడు బావ. "అది నువ్వే."

"ఏది నేను?"

"ఆ వర్గం."

అత్తయ్య పెద్దగా నవ్వింది. "బాగుందిరా! దొరక్కపోతే తల్లినే పట్టిస్తావా? నేనెప్పుడు చెప్పాను నీకు?"

"చెప్పలేదు. నేను అంటే నువ్వు కాదనలేదు."

ఎడిటరుగారి షరతుతో మొదలుపెట్టి నాలుగేళ్ళ కథంతా చెప్పాడు. టైర్లు, వేలం, తాళం, అన్నీ. అత్తయ్య నవ్వు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. చివర నిన్నటి బాల్కనీ దాకా వచ్చేసరికి మళ్ళీ నోరు తెరిచింది.

"నిన్న పొద్దున్నా? నోట్లో క్లిప్పులున్నాయి కదరా తలకాయా! ఏమని అనమంటావు? నీ నోట్లో నురగ, నా నోట్లో క్లిప్పులు. ఇద్దరం కలిసి ఊరందరికీ వార్త చెప్పామన్నమాట!"

అక్క ఫక్కున నవ్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ ఆగలేదు.

"మౌనం అర్ధాంగీకారమన్నారు కదమ్మా" అన్నాడు బావ, నేల చూపులు చూస్తూ.

"అర్ధాంగీకారమంటే సగం ఒప్పుకోవడంరా. తక్కిన సగం ఎవర్ని అడిగావు?"



అత్తయ్య లేచింది. ఆ పూట గిన్నెల వంతు అక్కది. అయినా ఆవిడే వెళ్ళి తోమడం మొదలుపెట్టింది. ఒక్కో గిన్నె పెట్టినప్పుడల్లా గట్టు అదిరింది.

"ఇరవై ఆరేళ్ళు నా సంతకానికి కట్టుబడి ఉన్నాననుకున్నాను. ఆ సంతకాన్ని పట్టుకుని వీడు నాలుగేళ్ళు పేపరు నింపాడు" అంది, ఎవరితోనూ కాకుండా. తర్వాత కుళాయి కట్టేసి ఇటు తిరిగింది. "రేపు నాకు సెలవు. ఎల్లుండి మేనేజరు సంతకం పెట్టేలోపల నేనే వెళ్ళి చెబుతాను. గుసగుస అన్యాయమైపోకూడదు."

"నీ ఉద్యోగం పోతుందమ్మా."

"పోతే పోతుంది. నీకు చెప్పానో లేదో నాకే తెలియనప్పుడు చెప్పలేదని ఎలా వాదిస్తాను?"

మర్నాడు బావ తలనొప్పని ఫోను చేసి ఆఫీసుకు రాలేదు. నేను వెళ్ళాను.

నా బల్ల మీద మేనేజరుగారి టైంటేబుల్ అలాగే ఉంది. ఎడిటరుగారు దాన్ని సవరణ పక్కన వేయమని పంపారు. వేసేముందు ప్రూఫు చూడాలి. ప్రూఫు చూడటమంటే కొత్తగా వేసినదాన్ని అసలు కాపీతో పెట్టి చదవడం. ఆరు నెలలకోసారి మూడో పేజీలో బస్సుల వేళలు వేస్తాం. పోయినసారి వేసినప్పుడు దిద్దింది నేనే. ఆ పేజీ ఫైల్లోంచి తీసి పక్కన పెట్టుకున్నాను. మా ఊరి బడిలో పంతులమ్మ నేర్పినట్టు స్కేలు వరస కింద పెట్టి, వేలితో ఒక్కో అంకె చదువుకుంటూ పోయాను. ఒకటో నంబరు సరి. రెండు సరి. నాలుగో నంబరులో రెండు నిమిషాలు మారాయి, గుర్తు పెట్టుకున్నాను. తొమ్మిదో నంబరుకొచ్చేసరికి స్కేలు పాతదాని మీద పద్నాలుగు వరసలు దిగింది. కొత్తదాని మీద పదమూడే.

మళ్ళీ పైనుంచి చదివాను. పాతదాంట్లో మొదటి వరస అయిదూ నలభై. కొత్తదాంట్లో మొదటి వరస ఆరూ యాభై.

అయిదూ నలభై బస్సంటే తెల్లవారుజామున ఆసుపత్రికి పోయే నర్సులు, మార్కెట్టు ఊడ్చేవాళ్ళు, రొట్టెల బట్టీ పనివాళ్ళు. మేనేజరుగారు బస్సు ఎత్తేయలేదు. నిజమే. దాని మొదటి ట్రిప్పును మాత్రం చప్పుడు చేయకుండా మింగేశారు. మేము లేనిపోని మాట అరిచేసరికి, ఆయనకు ఉన్నమాట దాచుకోవడం ఇంకా తేలికైంది.

రెండు కాగితాలూ తీసుకెళ్ళి ఎడిటరుగారి బల్ల మీద పక్కపక్కన పెట్టాను.

"సార్, ఇక్కడ ఒక వరస తక్కువుంది."

ఆయన చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఎవరు చెప్పారమ్మాయ్ నీకు?"

"ఎవరూ చెప్పలేదు సార్. చదివాను."

ఆయన ఫోను తీసి డిపోకు కలిపి, నాకూ వినపడేలా బల్ల మీద పెట్టారు.

"ఆఁ, ఆ ఒక్క ట్రిప్పా?" అంది మేనేజరుగారి గొంతు. "అదొక చిన్న సర్దుబాటు. జనం ఎక్కడం లేదు. దానికి ఊరంతా చాటింపు వేయాలా?"

"ఈ మాట మీ పేరుతో వేసుకోవచ్చా?"

"వేసుకోండి! నాకేం భయం?"

ఎడిటరుగారు ఫోను పెట్టేసి నావైపు చూశారు. ఆయన నవ్వగా నేను చూసింది అప్పుడే. "చూశావా, పేరున్న మనిషి! ఎంత హాయిగా ఉందో" అన్నారు.

గంటలో రెండు ముక్కలూ రాసేశారు. ఒకటి అయిదూ నలభై ట్రిప్పు వార్త, మేనేజరుగారి మాటతో సహా. రెండోది సవరణ. రూటు ఎత్తేస్తున్నారని మేం వేసింది తప్పు, పాఠకులు క్షమించాలి అని మొదలుపెట్టి, ఆ కింద ఇలా రాశారు: "డిపో వర్గాలు మా ప్రతినిధికి అందించిన సమాచారంలో పొరపాటు దొర్లింది."

ప్రూఫు తీశాను. అక్షరదోషాల్లేవు. ఎర్రపెన్ను మూత పెట్టేశాను కానీ చేయి కాగితం మీదనుంచి కదల్లేదు. ఆ ఒక్క వాక్యం పేపర్లో పడితే మేనేజరుగారు గుసగుసను పంపించేస్తారు. లేదా అత్తయ్య వెళ్ళి నిలబడుతుంది.

"ఇంటికి తీసుకెళ్ళి మీ బావ సంతకం పెట్టించుకు రా" అన్నారు ఎడిటరుగారు. "అతను నాకేమీ చెప్పలేదు కాబట్టి నాకు తోచినట్టు రాశాను. జరిగింది అది కాకపోతే కొట్టేయమను. కొట్టేస్తే ఏమవుతుందో అతనికి తెలుసు."

ఇంటికి బస్సులో పది నిమిషాలు. వెళ్ళేసరికి అక్క మిషను కుడుతోంది. అత్తయ్య బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. బావ ఎదురుగా కూర్చుని ఒలిచినవాటిని ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటున్నాడు. నిన్నటినుంచీ ఇద్దరి మధ్యా మాటల్లేవు.

"తింటే తిన్నావు, ఒక్క కాయైనా ఒలిచి తినరాదా" అంది అత్తయ్య. మాటలు మొదలైనందుకు అక్క మిషను ఆపింది.

నేను ప్రూఫు బల్ల మీద పెట్టాను.

"పైకి చదవవే" అంది అత్తయ్య.

చదివాను. అయిదూ నలభై అనగానే ఆవిడ చేతిలో కాయ ఆగిపోయింది.

"ఇది నీకెవరు చెప్పారే?"

"మేనేజరుగారి కాగితంలోనే ఉందత్తయ్యా. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని చదివాను."

అత్తయ్య కొడుకు వైపు తిరిగింది. "విన్నావా? చదివిందట. తల్లి మూతి వైపు చూళ్ళేదు, కాగితం చూసింది. నీ మరదలికొచ్చిన పాటి బుద్ధి నీకు రాలేదేమిరా?"

"నిన్నటినుంచి నాకు చాలా బుద్ధులొచ్చాయమ్మా" అన్నాడు బావ. "చదువు మరదలా, మిగతాది."

సవరణ చదివాను. డిపో వర్గాల దగ్గరకొచ్చేసరికి నా గొంతు కూడా గుసగుస గొంతులా అయిపోయింది.

అత్తయ్య బఠాణీ తొక్కలన్నీ ఒకచోటికి పోగుచేసింది.

"ఉండనీ" అంది. "అందులో అబద్ధమేముంది? డిపో వర్గమంటే నేనే కదా. రేపు పొద్దున్నే వెళ్ళి ఆ వర్గం నేనేనని చెప్తా, గుసగుస సంగతి తేలిపోతుంది. నీకూ ఏ ఇబ్బందీ ఉండదు. ఒకరోజు తలదించుకుంటే చాలన్నాడట కదా మీ ఎడిటరు."

"నువ్వు నాకు ఏం అందించావమ్మా?"

"అదేంటి?"

"ఇందులో 'అందించిన సమాచారం' అని ఉంది. నువ్వు ఏం అందించావు? ఒక తువ్వాలు ఆరేశావు. రెండు క్లిప్పులు పెట్టావు. అంతే కదా?"

అత్తయ్య పోగుచేసిన తొక్కలను ఇంకాస్త దగ్గరకు జరిపింది.

"పదకొండుసార్లు సరిగ్గా పడింది కాబట్టి అది వార్తనుకున్నాను. పదకొండుసార్లూ ఊహే. పన్నెండోసారి బయటపడ్డాను, అంతే." నావైపు చేయి చాచాడు. "ఆ ఎర్రపెన్ను ఇలా ఇవ్వు."

ఇచ్చాను. ఆ వాక్యాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒకే గీతతో కొట్టేశాడు. దాని పైన, నాకు రోజూ తిప్పలు పెట్టే ఆ కోడిగీతల రాతతో కాకుండా, బళ్ళో పిల్లాడిలా విడివిడిగా రాశాడు: "ఈ విషయం మా ప్రతినిధికి డిపోలో ఎవరూ చెప్పలేదు. ఆయన ఊహించి రాశారు."

చదువుకుని తల అడ్డంగా ఊపాడు. దాన్నీ కొట్టేసి మళ్ళీ రాశాడు: "ఈ విషయం నాకు డిపోలో ఎవరూ చెప్పలేదు. నేనే ఊహించి రాశాను." కింద సంతకం పెట్టి, ఆ పక్కనే తన పూర్తి పేరు రాశాడు.

అక్క మిషను దగ్గర్నుంచి లేచొచ్చింది. "ఆరు నెలలండీ" అంది మెల్లగా.

"ఊఁ."

"ఆ బాత్రూము పక్కన బల్ల."

"అక్కడ గాలి బాగానే వస్తుందిలే. ఆ కుంటిచిలక దొరికితే మొదట నీకే చెబుతా."

అక్కకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బావ భుజం మీద ఒక దెబ్బ వేసి, ఆ చేయి అక్కడే ఉంచింది.

అత్తయ్య ప్రూఫును తనవైపు తిప్పుకుని కళ్ళజోడు లేకుండానే దూరంగా పెట్టి చదివింది. ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, రెండుసార్లు. ఆ కాగితం ఇంక డిపోలో ఎవరి మెడకూ చుట్టుకోదు. గుసగుసకూ కాదు, ఆవిడకూ కాదు. గడియారంలో మూడున్నర అయింది.

"ఒరేయ్" అంది. "ఒక్క మాట..."

బావ ఆవిడ చేతిలోంచి కాగితం మెల్లగా తీసుకున్నాడు. సిరా ఆరిందో లేదోనని ఊది, మడిచి చొక్కా జేబులో నోటుపుస్తకం ఉండేచోట పెట్టుకున్నాడు. నోటుపుస్తకం బల్ల మీదే ఉండిపోయింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, తల్లివైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగి ఆఫీసుకు వెళ్ళిపోయాడు.